దాదీ పేరులో ఒక ఐన్



పోయిన షాబాన్ నెలలో గూడూరు నుంచి మా ఫుప్పు ఫోన్ చేసింది. "బేటా, మసీదు నికాహ్ రిజిస్టర్ అంతా కంప్యూటర్లో ఎక్కించావు కదా. మా అమ్మీ నికాహ్ ఏ తారీఖు, మెహర్ ఏం రాశారు, చూసి చెప్పు" అంది.

ఆమె అమ్మీ అంటే మా దాదీ. మెహర్ కింద దాదా ఆరు సెంట్ల ఇంటి స్థలం రాసిచ్చారని ఖాందాన్‌లో అందరికీ జబానీగా తెలుసు. కాగితం మీద ఎక్కడుందో మాత్రం ఎవరికీ తెలీదు. ఇప్పుడు ఆ స్థలంలో హిస్సాలు తేల్చుకోవాల్సి వచ్చింది. ఒక ఆఫీసులో ఫుప్పును అడిగారట: రేషన్ కార్డులో నేమత్ బీ, ఓటరు కార్డులో నియామత్ బీ, పాత ఇంటిపన్ను రసీదులో నిమ్మత్ బీ, ఈ ముగ్గురూ ఒక్కరేనని సబూత్ ఏది?

నేను ల్యాప్‌టాప్ తెరిచి నల్ల తెర మీద ఒక లైను కొట్టాను. నేమత్ అని వెతికితే సున్నా. నియామత్ అంటే సున్నా. "మత్" అన్న ముక్క ఎక్కడున్నా తెమ్మంటే రహ్మత్‌లు, హష్మత్‌లు, అజ్మత్‌లు వచ్చారు గానీ దాదీ రాలేదు.

"రిజిస్టర్లో లేదు ఫుప్పూ" అన్నాను.

అవతల కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత నెమ్మదిగా అంది: "లేదంటే? మా అమ్మీ నికాహే జరగలేదంటావా?"

గల్తీ నాది. రిజిస్టర్‌ది కాదు, దాదీ పేరుది అసలే కాదు. ఆ గల్తీ ఎలా జరిగిందో చెప్పాలంటే ఒక చిన్న గుర్తు తారీఖ్ చెప్పాలి. అది బస్రాలో మొదలై, అమెరికా లేబొరేటరీల మీదుగా, మా కృష్ణా జిల్లా గూడూరు దాకా వస్తుంది. ఇళ్లలో షజ్రాలు, నికాహ్‌నామాలు, ఖబరస్థాన్ లెక్కలు కంప్యూటర్లో ఎక్కిస్తున్న వాళ్లు మనలో ఇప్పుడు చాలామంది ఉన్నారు గనక కొంచెం తఫ్సీల్‌గానే చెబుతాను.

పెద్దబ్బా లెడ్జరు

బ్రిటిష్ సర్కారు 1864లో ఒక చట్టం తెచ్చి ఖాజీలను నియమించే పని మానుకుంది. దాంతో నికాహ్‌లు చదివించే వాళ్ల విషయంలో గందరగోళం వచ్చిందని ముసల్మానులు అర్జీలు పెట్టుకోగా 1880లో ఖాజీల చట్టం వచ్చింది. అది మొదట అమలైంది మద్రాసు ప్రెసిడెన్సీలో. బందరు, గూడూరు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనివే. అదే 1864లో, నవంబరు 1న, బందరును ఉప్పెన ముంచింది. ముప్పై వేల మంది పోయారని లెక్క. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన సంగతి మా ఇళ్లలో ఇప్పటికీ నిన్నటి మాటలా చెబుతారు. కాగితానికీ నీళ్లకూ ఉన్న వైరం ఈ డెల్టాలో ఎవరికీ నేర్పక్కర్లేదు.

అందుకే మా మర్హూమ్ పెద్దబ్బా ఒక పని చేశారు. ఆయన ఉర్దూ మున్షీగా చేసి రిటైరయ్యారు. మసీదు రిజిస్టర్ ఉర్దూలో ఉంది, మా తరం పిల్లలకు ఉర్దూ చదవడం రాదు. కనుక మొత్తం రిజిస్టర్‌ని ఒక పొడుగాటి లెడ్జర్లో ఇంగ్లీషు అక్షరాలతో దించారు. 412 వరుసలు: దూల్హా, దుల్హన్, ఇద్దరి వాలిద్‌ల పేర్లు, వకీలు, గవాహులు, మెహర్, తారీఖు. పేరు మధ్యలో ఐన్ అనే హర్ఫ్ వచ్చిన ప్రతిచోటా అక్షరాల పైన ఒక చిన్న కామా వేలాడదీశారు. జా'ఫర్. షు'ఐబ్. ఇస్మా'ఈల్. అలీ, ఉమర్ లాంటి పేర్లలో ఐన్ మొదట్లోనే ఉంటుంది గనక అక్కడ గుర్తు అక్కర్లేదనుకున్నారు.

నేను ఆ లెడ్జర్‌ని టైపు చేసి, ఒక్కో వరుసనూ ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లోకి పంపే చిన్న ప్రోగ్రాం రాసి, రాత్రి నడిపించి పడుకున్నాను. తెల్లారి చూస్తే పని అయిపోయినట్టే ఉంది. తెర పైకి జరజరా దొర్లిపోయిన ఎర్రర్లు నేను చూడలేదు. ఫుప్పు ఫోన్ తర్వాత లెక్కపెట్టాను: లెడ్జర్లో 412, డేటాబేస్‌లో 347. ఆగిపోయిన 65 వరుసలనూ పక్కన పెట్టుకుని చూస్తే ప్రతి దాంట్లోనూ ఎక్కడో ఒకచోట పెద్దబ్బా పెట్టిన ఐన్ గుర్తు ఉంది. దాదీ వరుస లెడ్జర్లో పదిలంగా ఉంది. అక్కడ ఆమె పేరు నేమత్ బీ కాదు, నిమ్మత్ బీ కాదు: ని'మతున్నిసా.

తెలుగు మింగేసిన ఐన్‌లు

ఐన్ గొంతు లోతు నుంచి వచ్చే హర్ఫ్. అరబ్బులు పలుకుతారు. మన దఖ్నీలో అది అలిఫ్‌లో కలిసిపోయింది. తెలుగులో దానికి అక్షరమే లేదు. పలకనిది రాయకపోతే పోయిందేముందిలే అనిపిస్తుంది. "అలీమ్" అన్న మాట చూడండి. ఐన్‌తో రాస్తే అన్నీ తెలిసినవాడు. అలిఫ్‌తో రాస్తే బాధపెట్టేది. తెలుగులో రెండూ అలీమే. నజీర్ కూడా అంతే: జాల్‌తో రాస్తే హెచ్చరించేవాడు, జోయ్‌తో రాస్తే సాటి. ఉర్దూలో ఆ ధ్వనికి జే, జాల్, జ్వాద్, జోయ్ అని నాలుగు హర్ఫులున్నాయి. తెలుగు దగ్గర ఉన్నది ఒక్క జ.

అయినా ఐన్ తెలుగువాళ్లకు పరాయిది కాదు. కచేరీ మాటలు లెక్కపెట్టండి. అర్జీ ఐన్‌తోనే మొదలవుతుంది. దావా, మాఫీ, ఇనాం మధ్యలో ఐన్. జమ చివర ఐన్. జిల్లా చివరా ఐనే. తాలూకాలో ఉంది. చివరికి "మామూలు"లో కూడా ఉంది, ఆ మాటను ఏ అర్థంలో వాడినా సరే. మాకు దగ్గరి నిమ్మకూరులో పుట్టిన ఎన్టీఆర్ 1985లో తాలూకాలు తీసి మండలాలు పెట్టారు. తాలూకాతో పాటు ఒక ఐన్ వెళ్లిపోయింది, జిల్లాలోది మిగిలింది. మా ఫుప్పు జిల్లాలో అర్జీ పెట్టింది. ఆ రెండు మాటల్లో ఉన్న ఐన్‌లను ఎవరూ అడ్డుకోలేదు. దాదీ పేరులో ఉన్నది మాత్రం ఆగిపోయింది.

చుక్కలు ఎందుకు పుట్టాయి

అరబీ రాత తొలి రోజుల్లో చుక్కలు చాలా తక్కువగా పెట్టేవారు. బే, తే, సే ఒకే గీతలా ఉండేవి. చదివేవాడికి ముందే తెలిసి ఉండాలి. చుక్క జరిగితే ఏమవుతుందో ఉర్దూ చదివిన ఇళ్లలో అందరికీ తెలుసు: ఖుదా మీది చుక్క కిందికి దిగితే జుదా, మహ్రమ్ కడుపులో చుక్క పడితే ముజ్రిమ్, దువాలోని ఐన్ మీద చుక్క పెడితే దగా.

తారీఖు స్పష్టంగా తెలిసిన పాత చుక్కల్లో కొన్ని వియన్నాలో దాచిన ఒక పాపిరస్ మీద ఉన్నాయి. హిజ్రీ 22, అంటే 643 నాటిది. అదేమీ షాయిరీ కాదు, ఫర్మానా కాదు. ఈజిప్టులో అరబ్బు ఫౌజు కోసం గొర్రెలు తీసుకున్నందుకు గ్రీకులోనూ అరబీలోనూ రాసిచ్చిన రసీదు. హిసాబ్ కితాబ్‌లో తేడా రాకూడదన్న చోట చుక్కలు కనబడటం నాకు వింతగా అనిపించలేదు.

తర్వాత బస్రాలో అబుల్ అస్వద్ దువలీ స్వరాలు తెలియడానికి వేరే రంగు సిరాతో చుక్కలు పెట్టించారని రివాయత్. హజ్జాజ్ గవర్నరుగా ఉన్న కాలంలో అక్షరాల చుక్కలు కట్టుదిట్టమయ్యాయంటారు. ఆ తర్వాతి శతాబ్దంలో అదే బస్రాలో ఖలీల్ బిన్ అహ్మద్ ఫరాహీదీ మనం ఈనాడు వాడే జేర్, జబర్, పేష్‌ల పద్ధతి ఏర్పరిచారు. హమ్జా గుర్తు కూడా ఆయనదే అంటారు. దాన్ని ఐన్ తలకాయ నుంచి తీసుకున్నారు. అరబీలో తొలి పెద్ద లుగత్‌గా చెప్పేది ఆయన మొదలుపెట్టిందే. హర్ఫులను అలిఫ్, బే వరుసలో కాకుండా గొంతు లోతు నుంచి పెదవుల దాకా పేర్చారు. అలా మొదటికొచ్చింది ఐన్. ఆ లుగత్ పేరే "కితాబుల్ ఐన్".

అదే ఐన్‌ని యూరప్ పండితులు లాటిన్ అక్షరాల్లో రాయాల్సి వచ్చినప్పుడు ఎడమవైపు తిరిగిన అరచందమామ లాంటి చిన్న గుర్తు పెట్టారు. టైప్‌రైటర్ మీద ఆ గుర్తుకు కీ లేదు. ఉన్నది ఒక్క నిలువు కామా. మన మున్షీలు, మౌల్వీలు దాంతోనే సర్దుకున్నారు. పెద్దబ్బా కూడా.

కామా మిషన్ సొత్తయిన రోజు

1963లో అమెరికాలో ఆస్కీ అనే స్టాండర్డు వచ్చింది. ఏడు బిట్లు, 128 స్థానాలు. అందులో అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు, కొన్ని గుర్తులు. నిలువు కామాది 39వ నంబరు. వెనక్కి వాలిన గీత, అంటే బ్యాక్‌స్లాష్, బాబ్ బీమర్ పట్టుబట్టి చేర్పించింది. లెక్కల గుర్తులు రెండు తయారు చేసుకోవడానికి ఆయనకు అది కావాల్సి వచ్చింది. స్థానాలు తక్కువ కాబట్టి ఒక్కో గుర్తుకూ రెండు మూడు కొలువులు పడ్డాయి.

1969లో బెల్ ల్యాబ్స్‌లో యునిక్స్ మొదలైంది. నల్ల తెర మీద మనం కొట్టిన మాటను ముందుగా విని అర్థం చేసుకునే ప్రోగ్రాంని షెల్ అంటారు. 1979లో వచ్చిన బోర్న్ షెల్ పద్ధతులే ఈనాటికీ చాలావరకు నడుస్తున్నాయి. ఇంకోవైపు 1970లో ఎడ్గర్ కాడ్ డేటాను పట్టికలుగా చూసే పద్ధతి ప్రతిపాదించారు. 1974లో ఐబీఎంలో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయ్స్ ఆ పట్టికలను అడిగే భాష తయారు చేశారు. అదే ఎస్‌క్యూఎల్, 1986లో అమెరికాలో స్టాండర్డు అయింది. ఆ భాషలో మాటలకు హద్దు నిలువు కామా. కామా దగ్గర పేరు మొదలు, మళ్లీ కామా వస్తే పేరు ఖతం.

అంటే నా ప్రోగ్రాం 'ని'మతున్నిసా' అని పంపితే డేటాబేస్ చదివింది: పేరు "ని". ఆ తర్వాత "మతున్నిసా" అనే ఏదో తెలియని హుకుం. ఆ మాట దగ్గర సింటాక్స్ ఎర్రర్ అని చెప్పి వరుసను వదిలేసింది. కితాబుల్ ఐన్ మొదటి హర్ఫ్‌ని అది "ఇక చాలు" అన్న సైగగా తీసుకుంది.

ఇద్దరు దర్బాన్లు

నల్ల తెర నుంచి డేటాబేస్‌ని అడిగేటప్పుడు మాట ఇద్దరు దర్బాన్లను దాటాలి. మొదటివాడు షెల్, రెండోవాడు ఎస్‌క్యూఎల్. ఇద్దరి ఖాయిదాలూ వేరు. ఈ సంగతి తెలియకే సగం తిప్పలు. హుకుం మాటలు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, టైపు చేసేటప్పుడు ఇంగ్లీషులోనే కొట్టాలి.

షెల్‌కు నక్షత్రం గుర్తు * కనిపిస్తే ఆ ఫోల్డర్లో ఉన్న ఫైళ్ల పేర్లన్నీ తెచ్చి అక్కడ పెడుతుంది. డాలరు గుర్తు $ కనిపిస్తే తర్వాతి మాటను ఒక చలరాశి పేరనుకుంటుంది. మెహర్ ఖానాలో "$500" అని రాసి ఉంటే $5 వరకూ మింగేసి 00 మిగులుస్తుంది. జంట కామాల " " మధ్య పెడితే నక్షత్రం క్షేమం, డాలరు కాదు. కూర్చుని కొట్టే షెల్లో ఆశ్చర్యార్థకం ! కూడా పాత హుకుంలను వెనక్కి పిలుస్తుంది. ఒంటి కామాల ' ' మధ్య పెడితే షెల్ దేన్నీ ముట్టుకోదు. కానీ అప్పుడు లోపల ఇంకో ఒంటి కామా రాయడానికి వీల్లేదు, ఎస్‌క్యూఎల్‌కు కావాల్సింది అదే.

రెండో దర్బాన్ దగ్గర దారి ఉంది. ఆ భాష రాసినవాళ్ల దేశంలో జాఫర్లు తక్కువేమో గానీ ఓ'బ్రయన్లు కోకొల్లలు. అందుకే పేరులో కామా ఉంటే దాన్ని రెండుసార్లు రాయమన్నారు. రెండు కామాలు పక్కపక్కన వస్తే అవి హద్దు కాదు, పేరులోని ఒక్క కామా అని అర్థం. ఇది జంట కామా గుర్తు కాదు, ఒంటి కామాలు రెండు. బ్యాక్‌స్లాష్ పెట్టి తప్పించుకోవడం మైఎస్‌క్యూఎల్‌లో మామూలుగా చెల్లుతుంది, ఎస్‌క్యూలైట్‌లో చెల్లదు. రెండు కామాల పద్ధతి అన్నిచోట్లా చెల్లుతుంది.

మొదటి దర్బాన్‌ని పక్కకు తప్పించడానికి నాకు నచ్చిన తరీఖా ఇది:

ఎస్‌క్యూలైట్3 నికాహ్.డీబీ <<'తమామ్'
సెలెక్ట్ తారీఖు, మెహర్ ఫ్రమ్ నికాహ్
వేర్ దుల్హన్ = 'ని''మతున్నిసా';
తమామ్

మొదటి లైనులో తమామ్ చుట్టూ ఉన్న ఒంటి కామాలే అసలు కీలకం. తమామ్ అన్న మాట ఒంటరిగా ఒక లైనులో వచ్చేదాకా ఉన్నదంతా ఉన్నది ఉన్నట్టు లోపలికి పంపు, నువ్వు చదవొద్దు అని షెల్‌కు చెప్పినట్టు. ఆ మాట ఏదైనా పెట్టుకోవచ్చు. పాత కాతిబులు కితాబు నకలు ముగించి చివర "తమామ్ షుద్" అని రాసేవాళ్లు కదా, అందుకని నేను అది పెట్టుకున్నాను. హుకుం పొడుగైతే ఫైల్లో రాసి ఆ ఫైలునే ఇవ్వడం ఇంకా సుఖం.

ఖాళీ ఖానా

రెండు కామాలు రాయడం మన చేత్తో ఒకటి రెండు ప్రశ్నలకు బాగానే ఉంటుంది. 412 వరుసలకు అది భరోసా కాదు. ఎక్కడో ఒకటి మర్చిపోతాం. దీని వెనుక ఇంకో పెద్ద ఖతరా కూడా ఉంది. పేరు మధ్యలో కామా పెట్టి హద్దు దాటవచ్చని తెలిసిన దొంగ, ఆ కామా తర్వాత నిజంగానే హుకుం రాయగలడు. 1998 డిసెంబరులో ఫ్రాక్ అనే హ్యాకర్ల పత్రికలో జెఫ్ ఫారిస్టల్, రెయిన్ ఫారెస్ట్ పప్పీ అనే మారుపేరుతో, ఈ కిటుకును లోకానికి వివరించాడు. 2007లో రాండల్ మన్రో దాని మీద ఒక కార్టూన్ వేశాడు: ఒక తల్లి కొడుక్కి పెట్టిన పేరు స్కూలు కంప్యూటర్లో ఎక్కించగానే పిల్లల పట్టిక మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.

ఆ భయంతో చాలా ఫారాలు తయారు చేసేవాళ్లు సులువైన దారి పట్టారు. పేరులో అక్షరాలు తప్ప ఏ గుర్తూ వద్దన్నారు. ఓ'బ్రయన్లు, గోవా వైపు డి'సౌజాలు, మన జా'ఫర్లు అందరూ కత్తిరింపుకు గురయ్యారు. పేరులో దోషం లేదు. గేటు దగ్గర కాపలా సరిగ్గా పెట్టుకోలేక వచ్చినవాడి టోపీ తీసేయమన్నట్టు ఉంది.

సరైన ఉపాయం మన నికాహ్ ఫారంలోనే ఉంది. అచ్చువేసిన ఫారంలో "దుల్హన్ పేరు" అని రాసి పక్కన ఖాళీ ఖానా వదులుతారు. ఆ ఖానాలో ఖాజీ సాబ్ ఏం రాసినా అది పేరే. అందులో కామా పడినా, చుక్క పడినా ఫారం మీది అచ్చు మాట మారదు. డేటాబేస్‌లోనూ అలాగే. హుకుంని ముందు ఖాళీ ఖానాతో రాసి పంపుతాం. ఎస్‌క్యూలైట్‌లో ఆ ఖానా గుర్తు ఒక ప్రశ్నార్థకం:

సెలెక్ట్ తారీఖు, మెహర్ ఫ్రమ్ నికాహ్ వేర్ దుల్హన్ = ?

పేరును వేరే కవరులో పెట్టి పక్కన ఇస్తాం. పైథాన్ లాంటి భాషలో నాలుగు లైన్ల ప్రోగ్రాం చాలు. డేటాబేస్ హుకుంని ముందే చదివేసుకుంది గనక తర్వాత వచ్చిన పేరులో హుకుం వెతకదు. నేను ఆ రాత్రి రాసిన ప్రోగ్రాం పేరునూ హుకుంనూ ఒకే దారానికి గుచ్చింది. తప్పంతా అక్కడే.

ఒక జాగ్రత్త. సగం పేరుతో వెతికే లైక్ అన్న హుకుంలో శాతం గుర్తు % అంటే "ఎంతైనా, ఏదైనా", కింది గీత _ అంటే "ఏదో ఒక్కటి". ఖాళీ ఖానాలో పెట్టినా ఈ రెండింటి కొలువు మారదు. వాటినే వెతకాలంటే ఎస్కేప్ అన్న మాటతో వేరే గుర్తు చెప్పుకోవాలి. "ఏదో ఒక్కటి" అన్నది కూడా తెలుగులో మోసం చేస్తుంది. షేక్ మన కంటికి రెండక్షరాలు. మిషన్‌కు ష, ఏత్వం, క, పొల్లు: నాలుగు.

కంటికి కనబడనివి

ఇంత చేసినా నా 412లో కొన్ని పేర్లు మొదట దొరకలేదు. ల్యాప్‌టాప్‌లో కొట్టిన కామా నిలువుగా ఉంటే ఫోన్లో కొట్టినది దానంతటదే వంకర తిరిగింది. మన కంటికి రెండూ ఐన్ గుర్తే, మిషన్‌కు రెండు వేరు వేరు నంబర్లు. ఉర్దూలో ఇంకా గమ్మత్తు. అరబీ కీబోర్డు మీది యే, కాఫ్‌లకూ ఉర్దూ కీబోర్డు మీది యే, కాఫ్‌లకూ నంబర్లు వేరు. మాట మధ్యలో పడితే తేడా కంటికి దాదాపు తెలియదు. ఒకదానితో వెతికితే రెండోది రాదు. తెలుగులో పొల్లు విడిగా నిలబడటానికి మధ్యలో పెట్టే గుర్తు అసలు కనబడనే కనబడదు, కానీ ఉంటుంది.

ఇవన్నీ ఒకే ఫైల్లో ఇమిడేలా చేసిన యూటీఎఫ్-8 పద్ధతిని 1992లో యునిక్స్ కెన్ థాంప్సనే, రాబ్ పైక్‌తో కలిసి, ఒక హోటల్లో భోజనం బల్ల మీది కాగితం మీద గీశారు. అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్ 1991లో వచ్చింది. దేవనాగరికి మొదటి నుంచీ నుక్తా ఉంది. కన్నడానికి 2003లో వచ్చింది. తెలుగు నుక్తా, అంటే జ కింద, ఫ కింద, ఖ కింద చుక్క పెట్టి ఉర్దూ ధ్వనిని చూపే గుర్తు, 2021 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 14లో చేరింది. ఇప్పటికీ చాలా ఫోన్లలో అది సరిగ్గా కనబడదు గనక ఈ మజ్మూన్‌లో వాడలేదు.

నకలు వేరు, తలాష్ వేరు

65 వరుసలు ఆగాయని తెలియగానే నాకు మొదట తోచింది ఒకటే: ఆ గుర్తులన్నీ ఒక్క దెబ్బతో తీసేస్తే సరి. ఫుప్పుకు అదే చెప్పాను. "నక్కో బేటా" అంది. "భాయీజాన్ కళ్లజోడు పెట్టుకుని ఒక్కోటి పెట్టారు. నువ్వు తీసేస్తావా?"

తీయలేదు. ఒక కొత్త ఖానా చేర్చాను, దానికి "తలాష్" అని పేరు పెట్టాను. అసలు పేరు ఖానాలో ని'మతున్నిసా ఎలా ఉందో అలాగే. తలాష్ ఖానాలో గుర్తులన్నీ తీసేసిన నకలు. వెతకడం అక్కడ, చూపించడం ఇక్కడ. దానికి తోడు ధ్వనిని బట్టి పేర్లను కలిపే పాత పద్ధతి ఒకటుంది, సౌండెక్స్. 1918లో రాబర్ట్ రస్సెల్ అనే అమెరికన్ దానికి పేటెంట్ తీసుకున్నాడు. నేమత్, నియామత్, నిమ్మత్, ని'మత్, ఇంగ్లీషులో ఎలా రాసినా ఆ పద్ధతిలో నలుగురికీ ఒకటే నంబరు పడుతుంది: ఎన్-530. ఆఫీసు వాళ్లడిగిన ముగ్గురూ ఒకే గదిలోకి వచ్చేశారు. ఇది సబూత్ కాదు. ఎక్కడ వెతకాలో చెప్పే ఇషారా మాత్రమే.

అసలును ముట్టుకోకపోవడం ఎందుకు ముఖ్యమో మా ఊరి పేరే చెబుతుంది. రెండో శతాబ్దంలో టాలెమీ మైసోలియా తీరం గురించి రాస్తూ కొద్దూర అనే ఊరు చెప్పాడు. బృహత్ఫలాయన రాజు జయవర్మ ప్రాకృతంలో వేయించిన కొండముది రాగి రేకుల్లో కుదూర అని ఉంది. చాలామంది చరిత్రకారులు ఈ రెండూ మా గూడూరేనంటారు. గ్రీకు నకలు రాసినవాళ్లెవరో "ఇలాంటి ఊరు లేదులే" అని దిద్ది ఉంటే ఆ ఇషారా మనదాకా వచ్చేది కాదు. ఈనాడు గూడూరు అంటే అందరూ నెల్లూరు వైపు జంక్షన్ అనుకుంటారు; కర్నూలు దగ్గర ఒకటి, మహబూబాబాద్ దగ్గర ఇంకొకటి ఉన్నాయి. బందరు రోడ్డు గూడూరు అని విడమరిచి చెప్పుకోవడం మాకు అలవాటే. పేరు ఒక్కటే సరిపోదు. పక్కన ఊరు, వాలిద్ పేరు, తారీఖు కూడా ఉండాలి.

ఖాళీ ఖానాల పద్ధతిలో ప్రోగ్రాం మళ్లీ రాసి నడిపాను. ఈసారి పడుకోలేదు. అయిపోయాక రెండు వైపులా లెక్కపెట్టాను. 412, 412.

ఫుప్పుకు ఫోన్ చేసి చదివాను. ని'మతున్నిసా, ఆమె వాలిద్ పేరు, తారీఖు, మెహర్ ఖానాలో నగదుతో పాటు "ఆరు సెంట్ల ఇంటి స్థలం". ఫుప్పు స్థలం సంగతి అడగలేదు. "గవాహులెవరు?" అంది. మొదటి పేరు జా'ఫర్. "మా మామూ" అంది. ఆయన నికాహ్‌కు వచ్చారని ఆమెకు ఆ రోజే తెలిసింది.

తర్వాత నేను ఊరెళ్లి, అసలు ఉర్దూ పేజీ ఫోటో కాపీ, పెద్దబ్బా లెడ్జరు పేజీ, కంప్యూటర్ కాగితం మూడూ కలిపి ఫుప్పుకు ఇచ్చాను. వాటిని అర్జీకి జత చేసింది. ఫైసలా ఇంకా రాలేదు. కానీ "లేదు" అన్న మాట మాత్రం వెనక్కి తీసుకున్నాను.

మీ ఇళ్లలో పాత కాగితాలు ఎక్కించేవాళ్లకు నా గుజారిష్ ఇంతే. బుజుర్గులు పెట్టిన గుర్తును మీకు అర్థం కాలేదని తీసేయకండి. పేరును హుకుంలో కలిపి కుట్టకండి, ఖాళీ ఖానాలో పెట్టండి. పని అయ్యాక వరుసలు లెక్కపెట్టండి. దొరకలేదంటే "లేదు" అని చెప్పే ముందు అసలు పుస్తకం ఒకసారి తెరవండి.

మా ఫుప్పు పని కోసం దువా చేయండి.